తాంబూలాల బల్ల, డిక్రీ కాగితం

మొన్న ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగు సంఘం జరిపిన శ్రీరామనవమి కల్యాణానికి వచ్చినవాళ్లకు పార్కింగ్ దగ్గర నారింజ రంగు జాకెట్ వేసుకుని దారి చూపించిన అమ్మాయి గుర్తుండే ఉంటుంది. ఎనిమిదేళ్లుగా ఆమె చోటు అది కాదు, తాంబూలాల బల్ల. తమలపాకులు ఎన్ని తెప్పించాలి, వక్కపొడి ఏ కొట్టులో బాగుంటుంది, పోయినేడాది రవికె గుడ్డలు ఎన్ని మిగిలాయి, ఇవన్నీ కమిటీలు మారినా ఆమె నోటి లెక్కలోనే ఉండేవి. ఫిబ్రవరిలో ఆమెకు విడాకుల డిక్రీ వచ్చింది. నవమికి వారం ముందు వాలంటీర్ల వాట్సాప్ గుంపులో పనుల జాబితా పెట్టారు. తాంబూలాలకు ఎదురుగా వేరే పేరుంది. పార్కింగుకు ఎదురుగా ఆమె పేరుంది. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. కాబట్టి ఈ వ్యాసంలో కనిపించే కోపంలో కొంత నా మీద నాకున్నదే.

తర్వాత కమిటీ పెద్దాయన ఒకరిని కదిపితే, "కల్యాణం కదమ్మా, ముత్తయిదువలు నొచ్చుకుంటారేమోనని" అన్నారు. ఆ అమ్మాయి మాజీ భర్త మాత్రం తలంబ్రాల పళ్లెం పట్టుకుని వేదిక పక్కనే నిలబడ్డాడు. అతని మీద నాకేమీ లేదు, మంచి కుర్రాడే. పళ్లెం పట్టుకోవడానికి మగవాడికి పెళ్లయి ఉండనక్కర్లేదని ఆ రోజు తెలిసింది, అంతే.

ఆ రాత్రి ఆమె ఫోను చేసింది. తాంబూలాల గొడవ చెప్పుకుని ఏడుస్తుందేమోనని సిద్ధపడ్డాను. ఆమె అడిగింది వేరు. "అక్కా, నా హెచ్-4 మీద తేదీ ఇంకా ఏడాదిన్నర ఉంది. అప్పటిదాకా ఉండొచ్చు కదా?"

నాకు గుండె జారిపోయింది. హెచ్-4 అంటే హెచ్-1బి, అంటే అమెరికా ఉద్యోగ వీసా, ఉన్న మనిషికి భార్య లేదా భర్త కావడం వల్ల వచ్చే హోదా. డిక్రీ ఖరారైన రోజే ఆ ఆధారం పోతుంది. కాగితం మీద తేదీ ఎంత దూరంలో ఉన్నా అది నిలబెట్టదు. దానితో వచ్చిన పని అనుమతీ అంతే. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తులో ఆమె పేరు కూడా ఉంటే, కార్డు రాకముందే విడాకులైతే ఆ వరుసలోంచీ పక్కకు రావలసిందే. చదువు వీసాకో, సందర్శక వీసాకో, సొంత హెచ్-1బికో మారాలనుకుంటే ఆ దరఖాస్తు డిక్రీకి ముందే పడాలి. ఇద్దరూ మాట్లాడుకుంటే డిక్రీని నాలుగు నెలలు వాయిదా వేయించుకోవచ్చు కూడా. ఆమెకు ఇది చెప్పినవాళ్లు లేరు. ఆరు వారాలు గడిచిపోయాయి. ఇప్పుడిక ఆలస్యాన్ని మన్నించమని ఇమిగ్రేషన్ వాళ్లను అడగాలి. మన్నించడం, మానడం వాళ్ల ఇష్టం.

మన సంఘం వీసాల మీద ఏడాదికి రెండు సదస్సులు పెడుతుంది. వీలునామాల మీద ఒకటి, పన్నుల మీద ఒకటి (అది చెప్పేది నేనే). ఎవరైనా ఇక్కడ కన్నుమూస్తే రాత్రికి రాత్రి చందాలు పోగుచేసి భౌతికకాయాన్ని ఊరు చేర్చిన చేతులు మనవి. ఆ విషయంలో మనల్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. మరి ఈ అమ్మాయి ఎనిమిదేళ్లు మన మధ్యే తిరుగుతూ, ఇంత ముఖ్యమైన సంగతి తెలియకుండా కోర్టు మెట్లు ఎలా ఎక్కి దిగింది? ఎందుకంటే విడాకుల సంగతి తెలిసిన రోజు నుంచి మనం ఆమెతో వాతావరణం గురించి మాత్రమే మాట్లాడుతున్నాం.

నా సంగతి చెబుతాను. ఈ పత్రిక పాత పాఠకులకు కొంత తెలిసిందే. నా పెళ్లి 2001లో రాజమండ్రిలో జరిగింది. విడాకులు 2017లో ఇక్కడ, టెక్సాస్‌లో. పిటిషన్ వేశాక అరవై రోజులు ఆగాలి కదా, ఆగాం. చివరి రోజు జడ్జిగారు నాలుగు ప్రశ్నలడిగారు. పదహారేళ్లు ఏడు నిమిషాల్లో అయిపోయాయి. బయటికొచ్చి కారులో కూర్చుని, పొద్దున కట్టుకున్న ఇడ్లీలు తిన్నాను. ఆకలేసినందుకు సిగ్గేసింది. అంతా అయిపోయిందని అనుకున్నాను. ఏమీ అవలేదని తెలియడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

తర్వాతి ఏడాది దసరా రోజుల్లో ఇండియా నుంచి ఫోను వచ్చింది. మా మరిది. "వదినా, ఇలా పిలవొచ్చో కూడదో తెలియదు. 2012లో మీరు నాకిచ్చిన పవర్ ఇంకా నా బీరువాలోనే ఉంది. రేపు నేను ఆ ప్లాటు ఎవరికైనా రాసిచ్చేస్తే మీరేం చేస్తారు? ముందు దాన్ని రద్దు చేసుకోండి."

హైదరాబాద్ శివార్లలో మా ఇద్దరి పేర్లతో కొన్న ప్లాటు అది. ప్రతిదానికీ వెళ్లలేమని, హ్యూస్టన్ కాన్సులేట్‌లో ముద్ర వేయించి మరిదికి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే నా తరఫున సంతకం పెట్టే అధికార పత్రం, పంపాను. టెక్సాస్ కోర్టు ఇక్కడి ఇల్లు పంచింది, కార్లు పంచింది, వంటింటి గ్రైండరు కూడా ఎవరిదో రాసింది. పవర్ సంగతి నేను చెప్పలేదు, లాయరుగారు అడగలేదు. విడాకులైనంత మాత్రాన అక్కడిచ్చిన పవర్ దానంతటదే చచ్చిపోదు. రద్దు పత్రం రాసి, కాన్సులేట్ ముద్ర వేయించి, అక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టి, మొదటిది రిజిస్టరైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే దీన్నీ రిజిస్టరు చేయించి, పవర్ ఉన్న మనిషికి నోటీసిచ్చి, పేపర్లో ప్రకటన వేయిస్తే గానీ నాకు నిద్ర పట్టలేదు. ఆ ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషి కూడా మా మరిదే. పని పూర్తయ్యాక డాలస్ వస్తున్నవాళ్ల చేత ఆత్రేయపురం పూతరేకులు పంపాడు. మా అత్తవారింటి మీద ఇదే పత్రికలో ఒకప్పుడు నేనెంత కటువుగా రాశానో గుర్తున్నవాళ్లు నవ్వుకోవచ్చు. ఇండియాలో అయితే బంధువులే నరకం చూపిస్తారని చెబుతూ తిరిగినదాన్ని నేనే. తాంబూలాల బల్ల దగ్గర నుంచి నన్నెవరూ లేపకపోవడానికి కారణం నేనెప్పుడూ అక్కడ కూర్చోకపోవడమేనని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక ఆ డిక్రీ ఇండియాలో చెల్లుతుందా అన్న ప్రశ్న. మనలో ఎక్కువమందికి అక్కడి పెళ్లి, ఇక్కడి విడాకులు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని ఇక్కడి కోర్టు "కలిసి బతకడం కుదరదు" అన్న ఒక్క మాట మీద రద్దు చేస్తే, అక్కడ అది ప్రతిసారీ నిలబడదు. ఈ విషయంలో దారి చూపించిన కేసు మన తెలుగువాళ్లదే. వై. నరసింహారావు, వై. వెంకటలక్ష్మి కేసు, 1991. పెళ్లి 1975లో తిరుపతిలో. భర్త మిస్సోరీలో తొంభై రోజుల నివాసం చూపించి, భార్య లేకుండానే డిక్రీ తెచ్చుకుని, యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ద్వివివాహ నేరమని కేసు పెట్టింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ డిక్రీ చెల్లదని కోర్టు తేల్చింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, అది ఒప్పుకునే కారణం మీద ఇస్తేనే చెల్లుబాటు. రెండో పక్షం అక్కడికి తనంతట తాను వచ్చి, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే వాదించినా, విడాకులకు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నా మినహాయింపు ఉంది. మాది ఇద్దరి ఒప్పుదలతో జరిగింది కాబట్టి గట్టెక్కాను. గుంటూరులో ఉన్న భార్యకు సమన్లు పోస్టులో పంపి, ఆమె రాలేదని ఇక్కడ డిక్రీ పుచ్చుకుని, అన్నవరంలో ముహూర్తం పెట్టించుకుంటున్న కుర్రవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి.

ఇద్దరూ ఒప్పుకున్న మాట డిక్రీలో స్పష్టంగా రాయించుకోండి. కోర్టు ధ్రువీకరించిన నకలు తీసుకుని, రాష్ట్ర కార్యాలయంలో అపొస్టిల్, అంటే కాగితం అసలైనదేనని వేరే దేశాలకు చెప్పే ముద్ర, వేయించుకోండి. భారత్ 2005 నుంచి ఆ ముద్రను గుర్తించే దేశాల ఒప్పందంలో ఉంది కాబట్టి అక్కడ ఆ ముద్రను గుర్తిస్తారు. అనుమానముంటే అక్కడే హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో వెళ్లడం నయం. ఏడాదిగా విడిగా ఉండాలి. మొదటి పిటిషన్‌కూ రెండోదానికీ మధ్య ఆరు నెలల గడువుంది. కలిసే ఆశ బొత్తిగా లేనప్పుడు ఆ ఆరు నెలలు ఎత్తేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

బంగారం సంగతి రాయకపోతే మన ఇళ్ల గురించి రాసినట్టే కాదు. మా నాన్నగారు "నేను పెట్టిన బంగారం, నేనే కేసు వేసి తెస్తాను" అని చాలా రోజులు ఊగిపోయారు. 2024లో తెలంగాణ నుంచి సరిగ్గా ఇలాంటి కేసే సుప్రీంకోర్టుకు వెళ్లింది. కూతురికి అమెరికాలో విడాకులై, మళ్లీ పెళ్లి కూడా అయ్యాక, తండ్రి పాత వియ్యంకుల మీద కేసు పెట్టారు. స్త్రీధనం కూతురిదే, ఆమె అడగమని చెప్పకుండా అడిగే హక్కు తండ్రికి లేదని కోర్టు కేసు కొట్టేసింది. ఆడపిల్ల నగ మీద భర్తకు హక్కు లేదంటే చప్పట్లు కొడతాం. తండ్రికీ లేదంటే మన మొహాలు ఎలా మారతాయో ఈసారి సదస్సులో చూడాలనుంది.

ఇక్కడి కాగితాల్లో నేను పన్నుల సీజన్లో ఏటా చూసే తప్పులు కొన్ని. పంపకంలో 401కె, అంటే ఉద్యోగి రిటైర్మెంటు పొదుపు, సగం అని డిక్రీలో రాస్తే సరిపోదు. 'క్వాడ్రో' అనే విడి కోర్టు ఉత్తర్వు ప్లాను వాళ్లకు చేరాలి. అది వేయించుకోకుండా ఏళ్లు గడిపినవాళ్లు మనలో ఉన్నారు. కంపెనీ బీమాలో లబ్ధిదారు పేరు మార్చడం ఇంకా పెద్ద మరపు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకాయన విడాకులైన రెండు నెలలకే కారు ప్రమాదం తర్వాత చనిపోయారు. ఫారంలో పాత భార్య పేరే ఉంది. 2001లో అమెరికా సుప్రీంకోర్టు కేంద్ర చట్టం ప్రకారం ఆ పేరే చెల్లుతుందని, పిల్లలకు కాకుండా ఆమె వైపే తీర్పిచ్చింది. ఇల్లు ఒకరికి వచ్చినా బ్యాంకు అప్పులో ఇద్దరి పేర్లూ ఉంటాయి, కోర్టు తీర్పు బ్యాంకును కట్టిపడేయదు. కంపెనీ ఆరోగ్య బీమాను కోబ్రా అనే చట్టం కింద ముప్పై ఆరు నెలల దాకా కొనసాగించుకోవచ్చు గానీ, అరవై రోజుల్లోపు ప్లానుకు తెలియజేయాలి. పెళ్లికి పదేళ్లు నిండితే మాజీ భర్త సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) లెక్క మీద కూడా ముందుముందు అడిగే అర్హత ఉంటుంది. తొమ్మిదేళ్ల పది నెలలకు డిక్రీ తీసేసుకున్న ఒకావిడ నా ఎదురుగా కూర్చుని ఆ రెండు నెలలను వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం చూశాను. నేనూ ఏమీ అనలేకపోయాను.

"మన సంస్కృతిలో లేనిదాన్ని సంఘం ఎందుకు నెత్తికెత్తుకోవాలి?" అని మొన్న ఒకరన్నారు. విడాకులన్న మాటలోనే ఆకులున్నాయండీ. కులపెద్దల ముందు ఆకు చీల్చి ఎవరి దారి వారు చూసుకునేవారని మా నాయనమ్మ చెప్పేది. మారుమనువు అన్న మాట ఊరికే పుట్టలేదు. అలాంటి ఆచారపు విడాకులను 1955 చట్టం కూడా 29వ సెక్షన్‌లో అలాగే ఉంచింది. మనకు లేనిది విడాకులు కావు. పెళ్లికి పదహారు రోజుల పండుగ ఉంది, చావుకు పదకొండో రోజు ఉంది. దీనికి మాత్రం ఎవరూ అన్నం తెచ్చే రోజు లేదు.

అధ్యక్షులవారు చెప్పిన మాట ఒకటి ఒప్పుకోవాలి. "ఇద్దరూ మన సభ్యులే. ఒకరికి సాయం చేస్తే రెండోవారి మీద పగపట్టినట్టు అనుకుంటారు. పైగా మనం లాయర్లం కాము." నిజమే, ఇక్కడ కుటుంబాలు రెండుగా చీలితే క్రికెట్ జట్లూ, వంటల గుంపులూ చీలడం చూశాం. కానీ అపొస్టిల్ ఎక్కడ వేస్తారో చెబితే ఎవరి పక్షమైనట్టు? ఆ మాజీ భర్తకూ 401కె ఫారం మార్చుకోవలసిన అవసరముంది, అతనికీ ఎవరూ చెప్పి ఉండరు. వీసా సదస్సుల్లోనూ మనం లాయర్లం కాము, లాయరును పిలిచి కాఫీ ఇస్తాం. ఇదీ అంతే. సభ్యత్వ ఫారంలో కుటుంబ సభ్యత్వం విడిపోతే ఏం చేయాలో గడి కూడా లేదు. ఆ అమ్మాయి మళ్లీ మొదటి నుంచి రుసుము కట్టింది, తెలుసా?

దసరా మేళాలో గోరింటాకు స్టాలుకూ వీలునామాల స్టాలుకూ మధ్య ఒక బల్ల ఇవ్వండి. పైన విడాకులని బోర్డు పెట్టనక్కర్లేదు, "కాగితాల సాయం" అని పెట్టండి చాలు. కుర్చీలు నేనే తెచ్చుకుంటాను. నా పక్కన కూర్చోవడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది, అప్పటికి ఈ దేశంలో ఉండనిస్తే. తమలపాకుల లెక్క కూడా ఆమెనే అడగండి. ఈసారి నవమికి రెండు కట్టలు తక్కువ పడ్డాయి.