సెక్స్ పిస్టల్స్‌కి వాయించటం రాదంట, ఆల్బమ్ ఒకసారి విని చెప్పండి

సెక్స్ పిస్టల్స్ అనే ఇంగ్లండ్ పంక్ రాక్ బ్యాండ్ గురించి ఒక మోటివేషన్ పోస్టు తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: డెబ్భైల్లో లండన్‌లో నలుగురు పోకిరీ కుర్రాళ్లు, ఒక్కడికీ వాయించటం రాదు, ఒక బట్టల షాపు ఓనరు వాళ్లని పోగేసి బ్యాండ్ అన్నాడు, టీవీలో బూతులు తిట్టి రాత్రికి రాత్రి ఫేమస్ అయిపోయారు, బేస్ గిటార్ పట్టుకోవటం కూడా చేతకాని సిడ్ విషస్ వాళ్ల హీరో, రాణి మీద పాట నంబర్ వన్ అయితే గవర్నమెంట్ దాచేసింది, ఏదో గదిలో మైకు పెట్టి గోల చేసి రికార్డు చేసిన ఒకే ఒక్క ఆల్బమ్ చరిత్ర అయింది, కాబట్టి టాలెంట్‌తో పనిలేదు దమ్ముంటే చాలు. వినటానికి భలే ఉంది. రాసినాయన ఆ ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా ఒక్కసారైనా విన్నాడా అన్నదే నా డౌటు.

ఒక్కొక్కటీ చూద్దాం.

"ఒక్కడికీ వాయించటం రాదు." మొదటి షో నవంబర్ 6, 1975న, లండన్‌లో సెయింట్ మార్టిన్స్ ఆర్ట్ కాలేజీలో. ఆ రోజుకి ఈ మాట అంటే స్టీవ్ జోన్స్ విషయంలో నేనూ ఒప్పుకుంటా, అంతకుముందు ఆ గ్యాంగ్‌లో అతను పాడేవాడు, గిటార్ చేతికొచ్చి కొన్ని నెలలే అయింది, అదీ న్యూయార్క్ డాల్స్ గిటారిస్టు సిల్వెయిన్ సిల్వెయిన్ దగ్గరినుంచి ఆ షాపు ఓనరు మాల్కమ్ మెక్‌లారెన్ తెచ్చిన తెల్ల లెస్ పాల్ గిటార్. డాల్స్ రికార్డులు, స్టూజెస్ రికార్డులు పెట్టుకుని వాటితో పాటే వాయిస్తూ నేర్చుకున్నాడు. కానీ ఆ ఆల్బమ్, 'నెవర్ మైండ్ ద బొలక్స్', వచ్చింది 1977 అక్టోబర్ చివర్లో కదా, మధ్యలో రెండేళ్లు ఉన్నాయి, ఆ రెండేళ్లు వీళ్లు తిట్టుకుంటూనే కూర్చున్నారా? దొరికిన ప్రతి చోటా షోలు చేసారు, రిహార్సల్ చేసారు, డెమోలు చేసారు. గ్లెన్ మ్యాట్‌లాక్ అయితే మొదటినుంచీ పద్ధతైన బేసిస్టు, ఈ కుర్రాళ్లకి ఫేసెస్ బ్యాండ్ అంటే పిచ్చి, మ్యాట్‌లాక్ వీళ్లలో చేరటానికి ఆడిషన్‌లో వాయించింది కూడా ఫేసెస్ పాటే.

ఇప్పుడు ఆ రికార్డు దగ్గరికి రండి. 'అనార్కీ ఇన్ ద యూకే' హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని వినండి, మొదట్లో ఆ గిటార్ కార్డ్స్ మెట్లు దిగినట్టు కిందకి వస్తాయి చూడండి, అక్కడ వినపడేది ఒక్క గిటార్ కాదు. జోన్స్ ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఈ పని ఎప్పుడైనా చేసినవాళ్లకి తెలుస్తుంది, రెండోసారి వాయించింది మొదటిదానికి కొంచెం అటూ ఇటూ అయినా మొత్తం బురదబురదగా వినపడుతుంది, అదే గీత గీసినట్టు వాయిస్తేనే ఆ గోడ లేస్తుంది. చేతకానోడి చేత ఒక టేక్ ఎలాగోలా లాగించొచ్చేమో గానీ ఇన్ని టేకులు అతికినట్టు వాయించటం కుదరదు. పైగా ఆల్బమ్‌లో చాలా పాటలకి ముందు జోన్స్ గిటార్, పాల్ కుక్ డ్రమ్స్ ఇద్దరే కూర్చుని వాయించారు, బేస్ లేదు, తర్వాత బేస్ కూడా జోన్సే వాయించి పెట్టాడు, గిటార్ ఏ స్వరం మీద ఉంటే బేస్ కూడా దానిమీదే, అందుకే ఆ రెండూ కలిసి ఒకే దిమ్మలాగా మీదకొస్తాయి. దీనికంతటికీ కింద ఆధారం కుక్. ఆయన్ని ఎవరూ పొగడరు, ఎందుకంటే సర్కస్ ఏమీ చెయ్యడు, టెంపో మాత్రం ఇటు నుంచి అటు జరగనివ్వడు.

"గదిలో మైకు పెట్టి గోల చేసారు." ఆ గది పేరు వెసెక్స్ స్టూడియోస్, నార్త్ లండన్‌లో హైబరీ ఏరియా. ప్రొడ్యూసర్ క్రిస్ థామస్, పక్కన ఇంజనీరు బిల్ ప్రైస్. క్రిస్ థామస్ అంటే 1968లో బీటిల్స్ వైట్ ఆల్బమ్‌కి పనిచేసిన మనిషి, 1973లో పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' మిక్సింగ్‌లో చెయ్యి వేసిన మనిషి. అదే పింక్ ఫ్లాయిడ్ టీషర్టు మీద 'ఐ హేట్' అని రాసుకుని తిరుగుతున్నాడనే కదా 1975లో వీళ్ల సింగర్ జాన్ లైడన్ అలియాస్ జానీ రాటెన్ వీళ్ల కంట్లో పడింది. వీళ్ల రికార్డింగ్ చివరి దశలో అదే వెసెక్స్‌లో పక్క స్టూడియోలో క్వీన్ వాళ్లు తమ ఆల్బమ్ చేసుకుంటున్నారు, అంటే ఆ చోటు ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

నిజంగా గదిలో మైకు పెట్టినట్టుండే రికార్డింగులు కూడా ఉన్నాయి, అది వేరే సంగతి. వీళ్ల సౌండ్ ఇంజనీరు డేవ్ గుడ్‌మాన్ చేసిన డెమోలు 1977లో ఆల్బమ్‌కి కాస్త ముందు 'స్పంక్' పేరుతో దొంగ రికార్డుగా బయటికొచ్చాయి. అనార్కీ పాట కూడా మొదట గుడ్‌మాన్‌తోనే చేసారు, అది సరిపోలేదని మళ్లీ క్రిస్ థామస్‌తో మొదలుపెట్టారు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తేడా చెవికే తెలిసిపోతుంది. నాకైతే స్పంక్‌లో మ్యాట్‌లాక్ బేస్ విడిగా కదులుతూ వినపడటం చాలా ఇష్టం, ఆల్బమ్‌లో ఆ కదలిక పోయింది, ఈ విషయంలో నాతో గొడవపడేవాళ్లు ఉంటారు, పడండి.

"సిడ్ విషస్ హీరో." పోస్టర్లకి హీరోనే. రికార్డుల్లో సిడ్ దాదాపు లేడు. మ్యాట్‌లాక్ వెళ్లిపోయాక 1977 మొదట్లో చేరాడు, లైడన్ ఫ్రెండు, లుక్ అదిరింది, బేస్ రాదు, నేర్పిద్దామని చూసిన మోటర్‌హెడ్ బ్యాండ్ బేసిస్టు లెమ్మీ కూడా చేతులెత్తేసాడు. ఆల్బమ్ పనులు జరుగుతున్నప్పుడు హెపటైటిస్‌తో ఆస్పత్రిలో పడ్డాడు. 'బాడీస్' అనే పాటలో సిడ్ వాయించింది ఉంది, దాని మీద కూడా జోన్స్ మళ్లీ వాయించాడు, అదీ కథ. అంటే "బేస్ రానోడితో ఆల్బమ్ చేసారు" అన్న వాక్యాన్ని తిరగెయ్యాలి, బేస్ రాదు కాబట్టే అతన్ని ఆల్బమ్‌కి దూరంగా పెట్టారు. ఆ కుర్రాడు 1979 ఫిబ్రవరి 2న న్యూయార్క్‌లో హెరాయిన్‌తో చచ్చిపోయాడు, 21 ఏళ్లు. అతని ఫొటో పెట్టి దమ్ముంటే చాలు అని రాయటానికి మనసెలా వచ్చిందో నాకు అర్థం కాదు.

హీరో ఎవరని అడిగితే, ఆల్బమ్‌లో 12 పాటలుంటే అందులో 10 పాటలకి రచయితల్లో మ్యాట్‌లాక్ పేరుంది. 'ప్రిటీ వేకెంట్' ట్యూన్‌కి స్వీడన్ పాప్ బ్యాండ్ అబ్బా వాళ్ల 'ఎస్ఓఎస్' దారి చూపించిందని ఆయనే చెప్పాడు, అవును, ఆ డిస్కో అబ్బానే. ఆయన బీటిల్స్ పాల్ మెకార్ట్నీ గురించి అతిగా మాట్లాడుతున్నాడని తీసేసామని మెక్‌లారెన్ పత్రికకి టెలిగ్రామ్ కొట్టాడు, నేనే బయటికొచ్చేసా అని మ్యాట్‌లాక్ అంటాడు. మెక్‌లారెన్ మాటల మీద నాకున్న నమ్మకం ఎంతంటే, ఇందులో నేను మ్యాట్‌లాక్ వైపు.

"షాపు ఓనరు తయారుచేసాడు." ఈ మాట పుట్టించింది ఆ షాపు ఓనరే! కింగ్స్ రోడ్డు 430 నంబర్లో మెక్‌లారెన్, వివియన్ వెస్ట్‌వుడ్ నడిపిన షాపు, అక్కడే వీళ్లంతా చేరేవాళ్లు, మ్యాట్‌లాక్ అక్కడే పనిచేసేవాడు, లైడన్‌ని పరీక్షించింది కూడా అక్కడే, జూక్‌బాక్స్‌లో ఆలిస్ కూపర్ పాట పెట్టి దానికి నోరాడించమన్నారు. ఇంతవరకు నిజం. కానీ జోన్స్, కుక్ అంతకుముందే బ్యాండ్ మొదలెట్టి మెక్‌లారెన్ వెంటపడ్డారు, మమ్మల్ని చూసుకో అని. వాయించే సామాను ఎక్కడిదంటే జోన్స్ దొంగతనాలు, 1973లో హామర్‌స్మిత్ ఓడియన్‌లో డేవిడ్ బోయీ షోల దగ్గర కూడా ఎత్తుకొచ్చాడు, ఆయనే చెప్పుకున్నాడు. 1980లో వచ్చిన 'ద గ్రేట్ రాక్ అండ్ రోల్ స్విండిల్' సినిమాలో మెక్‌లారెన్ అంతా నా స్కీమే అన్నట్టు కనిపిస్తాడు, అదే డైరెక్టరు జూలియన్ టెంపుల్ 2000లో బ్యాండ్ వైపు కథతో ఇంకో సినిమా తీసాడు, ఆ రెండోది ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. లైడన్ కోర్టుకెళ్లాడు, 1986లో హక్కులు, డబ్బులు బ్యాండ్‌కే దక్కాయి. పాటలో ఒక్క లైను మెక్‌లారెన్ రాయలేదు, ఒక్క తీగ మీటలేదు.

"టీవీలో తిట్టి ఫేమస్." డిసెంబర్ 1, 1976, థేమ్స్ టెలివిజన్‌లో 'టుడే' ప్రోగ్రామ్, లైవ్. రావాల్సింది క్వీన్, వాళ్లు రాలేకపోతే ఈఎంఐ అనే రికార్డు కంపెనీ వీళ్లని పంపింది. ఆ క్లిప్ ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. లైడన్ నోట్లో నోట్లో ఒక బూతు గొణిగాడు, యాంకర్ బిల్ గ్రండీ వదిలెయ్యొచ్చుగా, వదల్లేదు, ఏమన్నావ్ మళ్లీ అను అని అనిపించాడు. తర్వాత వెనక నిలబడ్డ సూజీ సూ అనే అమ్మాయితో షో అయ్యాక కలుద్దామన్నట్టు మాట్లాడాడు. దాంతో జోన్స్ తిట్లు అందుకున్నాడు, గ్రండీ ఇంకా కానివ్వు ఇంకా టైముంది అని ఎగదోసాడు. నాకు ఆ క్లిప్‌లో సిగ్గుపడాల్సిన మనిషి కుర్రాళ్లలో కనపడడు. ఇంక ఫేమస్ అవ్వటం వల్ల ఏం ఒరిగింది? తర్వాత టూర్‌లో చాలా షోలు రద్దయ్యాయి, జనవరిలో ఈఎంఐ వదిలించుకుంది, మార్చిలో ఏ అండ్ ఎం కంపెనీ బకింగ్‌హామ్ ప్యాలెస్ బయట సంతకం పెట్టించి వారం తిరక్కుండా వదిలేసింది, అప్పటికే తయారైన రికార్డులు నాశనం చేయించింది. వాయించుకుందామంటే హాలు దొరకని ఫేమ్ అది. జూన్‌లో స్టూడియో దగ్గర్లో పబ్ నుంచి బయటికొస్తుంటే లైడన్, క్రిస్ థామస్, బిల్ ప్రైస్ ముగ్గురి మీదా రేజర్లతో దాడి జరిగింది, కొద్దిరోజుల్లోనే కుక్‌ని ఇంకోచోట ఇనపరాడ్డుతో కొట్టారు. ఆల్బమ్ వీటన్నిటి మధ్యలో పూర్తయింది.

"గవర్నమెంట్ దాచేసింది." ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మన పిస్టల్స్ ఫ్యాన్సు కూడా ఇది ఊదరగొడతారు. 'గాడ్ సేవ్ ద క్వీన్' 1977 మే 27న వచ్చింది, బీబీసీ నిషేధించింది, కమర్షియల్ రేడియో టీవీ కూడా వెయ్యలేదు, పెద్ద పెద్ద షాపులు అమ్మలేదు, ఇవన్నీ రికార్డుల్లో ఉన్నవే. ఎలిజబెత్ రాణి సిల్వర్ జూబిలీ వారంలో అధికారిక చార్టులో రెండో స్థానం, ఎన్ఎంఈ పత్రిక చార్టులో మొదటి స్థానం. దీన్నిబట్టి అనుమానం రావటం న్యాయమే, అనుమానాన్ని తీర్పులాగా రాయటమే నాకు నచ్చదు, గవర్నమెంట్ కూర్చుని చార్టు మార్చిందనటానికి రుజువు లేదు. అసలు తమాషా ఏంటంటే వీళ్ల పైన ఒకటో స్థానంలో కూర్చున్నది రాడ్ స్టీవార్ట్, అంటే వీళ్లు నెత్తిన పెట్టుకున్న ఫేసెస్ బ్యాండ్ సింగరే. ఆర్నెల్లు తిరక్కుండా ఆల్బమ్‌ని కూడా షాపులు బహిష్కరించాయి, అది నేరుగా నంబర్ వన్‌కే వెళ్లింది, ఎవరూ దాచలేకపోయారు.

ఇంక ఆ చివరి వాక్యం, "టాలెంట్‌తో పనిలేదు." దీనికి అందరూ వాడే ఉదాహరణ మాంచెస్టర్. 1976 జూన్ 4న లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో పిస్టల్స్ షో, పెట్టించింది బజ్‌కాక్స్ బ్యాండ్ కుర్రాళ్లు హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ, వచ్చింది కొన్ని పదుల మంది, అయినా నేనున్నా అని చెప్పుకునేవాళ్లు హాలు పట్టనంత మంది తయారయ్యారు తర్వాత. అక్కడ ఉన్న పీటర్ హుక్ మర్నాడే వెళ్లి బేస్ కొనుక్కున్నాడు, తర్వాత జాయ్ డివిజన్, న్యూ ఆర్డర్ బ్యాండ్లలో వాయించాడు. కొన్నాక ఏం చేసాడు, పోస్టు రాసినాయన చెప్పినట్టు దమ్ముతో సరిపెట్టాడా? కూర్చుని నేర్చుకున్నాడు, ఇవాళ రెండు సెకన్లు వింటే చాలు హుక్ బేస్ అని చెప్పేంతగా. నాకూ వస్తుందేమో అని గిటార్ ముట్టుకునే ధైర్యం పిస్టల్స్ ఇచ్చారు, అది నిజం, ముట్టుకున్నాక రాకపోయినా పర్లేదని వాళ్లెక్కడా అనలేదు.

పోస్టులో రాయని ఒక షో గురించి కూడా చెప్తా. 1977 క్రిస్మస్ రోజు హడర్స్‌ఫీల్డ్‌లో, సమ్మెలో ఉన్న ఫైర్‌మెన్ల పిల్లల కోసం మధ్యాహ్నం షో చేసారు ఈ పోకిరీలు, పిల్లలు కేకులు తీసుకుని జానీ రాటెన్ మొహానికి పూసారు, ఆయన పాడుతూనే ఉన్నాడు. ఇంకో మూడు వారాలకి, 1978 జనవరి 14న శాన్ ఫ్రాన్సిస్కోలో బ్యాండ్ ముగిసిపోయింది.

మళ్లీ 1996లో కలిసినప్పుడు లండన్ ఫిన్స్‌బరీ పార్కులో చేసిన షో లైవ్ ఆల్బమ్‌గా ఉంది, జోన్స్, కుక్, లైడన్, బేస్ మీద మ్యాట్‌లాక్. స్టూడియో మాయ అంటారేమోనని చెప్తున్నా, ఆ పాటలన్నీ వాళ్లే స్టేజీ మీద వాయించారు. 2024లో లైడన్ బదులు ఫ్రాంక్ కార్టర్ పాడుతుంటే మిగతా ముగ్గురూ మళ్లీ రోడ్డెక్కారు, బేస్ ఇప్పుడూ మ్యాట్‌లాకే.