ఆ మూడు నిమిషాలు సాగదీత కాదు
ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ది క్యూర్ 2024లో తెచ్చిన 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' ఆల్బమ్‌లో పాటలు అందుకోవడానికే బోలెడు సమయం పడుతుందని, అది సాగదీతేనని మీ వ్యాసంలో రాశారు. నేను అస్సలు ఒప్పుకోను. మొదటి పాట 'అలోన్'లో గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతు మూడు నిమిషాలు దాటాక గానీ వినిపించదు, నిజమే. కానీ ఆ మూడు నిమిషాలూ హెడ్‌ఫోన్స్‌లో సైమన్ గాలప్ బేస్ గిటార్ మీదే దృష్టి పెట్టి వినండి. గరగరమనే ఆ బేస్ వెనక ఎక్కడో ఉండిపోదు, పాట బరువంతా అదే మోస్తుంది. జేసన్ కూపర్ డ్రమ్స్ ఎక్కడా తొందరపడవు, దెబ్బకీ దెబ్బకీ మధ్య చోటు వదులుతాయి. అలా ఆగగలగడమే నాకు ఈ బ్యాండ్ ఎదుగుదల అనిపిస్తుంది. వీళ్ల 2008 ఆల్బమ్‌లో 13 పాటలుంటే, పదహారేళ్ల తర్వాత వచ్చిన దీంట్లో ఎనిమిదే. అన్న మరణం మీద స్మిత్ రాసిన 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై'లో ఆ పియానో వింటుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. చివరి పాట 'ఎండ్‌సాంగ్' పది నిమిషాలు దాటినా ఒక్కసారి కూడా ఫార్వర్డ్ చేయాలనిపించలేదు. రీవ్స్ గాబ్రెల్స్ గిటార్ గురించి వ్యాసంలో ఒక్క ముక్కైనా లేకపోవడం మాత్రం అన్యాయం, ఈ బ్యాండ్‌తో ఆయన చేసిన మొదటి స్టూడియో ఆల్బమ్ ఇదే. ఒక్క 'డ్రోన్:నోడ్రోన్' మాత్రం మిగతా పాటల మధ్య ఇమడలేదు, ఆ మాట వరకు మీతో ఏకీభవిస్తాను.