పింగ్ రాకపోతే సర్వర్ చచ్చిపోదు, ఆ మెసేజ్ ఇగ ఆపుండ్రి

పొద్దున లేచి ఫోన్ చూస్తే మల్ల అదే మెసేజ్. ఈ వారంల ఇది ఐదోసారి. మొదాలు మా డిగ్రీ బ్యాచ్ గ్రూపుల వచ్చింది, తర్వాత సీసీ కెమెరాలు పెట్టే తమ్ముడు పంపిండు, నిన్న రాత్రయితే మా బామ్మర్ది "బావా నువ్వు వాడేది గిదే గదా, జైల్ల ఏస్తరట" అని వాయిస్ మెసేజ్ పెట్టిండు, ఎనకాల ఇంట్లోళ్లు నవ్వుడు కూడ ఇనపడుతుంది. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పి చెప్పి గొంతు పోతుంది, అందుకే ఒక్కసారి రాసి పడేస్తున్న, ఇగ ఎవరడిగినా ఇదే పంపుత.

మెసేజ్ చూడనోళ్ల కోసం సంగతి ఇది. "ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునే వారందరికీ ముఖ్య గమనిక" అని హెడ్డింగు, పక్కన మూడు ఎర్ర గంటలు, లోపల ఏడు పాయింట్లు. పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతుందా అని కొట్టి చూసే పిలుపు) రాకపోతే అవతలి సర్వర్ డౌన్ అయినట్టు. పింగ్ వస్తే అంతా ఓకే, ఇంకేం చూడక్కర్లేదు. ఎన్‌మ్యాప్, నెట్‌క్యాట్ (నెట్‌వర్క్‌ల ఏ తలుపు తెరిచుందో తట్టి చూసే పనిముట్లు) లాంటివి హ్యాకర్ల సాఫ్ట్‌వేర్లు, సిస్టంల ఉంటేనే మూడేండ్ల జైలు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ కనపడతది కాబట్టి వైరస్ గ్యారంటీ. రెండు ఆఫీసుల నడుమ కనెక్షన్ కాకపోతే రెండు దిక్కులా ఫైర్‌వాల్ (బయటికెల్లి వచ్చేటియి ఆపే కాపలా) ఆఫ్ చేసి రూటర్ల డీఎంజెడ్ ఆన్ చేయాలి, "వంద శాతం పరిష్కారం". ఆరోది, స్కాన్ చేస్తే ఆఫీసు ప్రింటర్లు పాడైతయి. ఏడోది, ట్రేస్‌రూట్ల చుక్కలొస్తే కేబుల్ తెగినట్టు. కింద షరా మామూలే, పది మందికి పంపండి.

నల్లగొండల ఉండి మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ దిక్కు మిల్లులు, చిన్న ఆఫీసులు, ఒకటి రెండు కాలేజీల నెట్‌వర్కులు చూసుకోవుడే నా పని. అంటే ఈ మెసేజ్ నమ్మి ఎవరన్న ఏదన్న చేస్తే దాన్ని సాఫ్ చేసేది కూడ నేనే.

ఏడోది ముందుగల్ల తీసేద్దాం, దానికి పెద్ద టైం దండగ. ట్రేస్‌రూట్ అంటే అవతలికి పోయే తొవ్వల ఏయే రూటర్లున్నయో చూపేది, నడుమ చుక్కలొస్తే ఆ నడుమ రూటరు జవాబియ్యలేదని అర్థం, అంతే, చానా రూటర్లను జవాబియ్యొద్దనే పెడతరు. ఆఖరి లైన్ల అవతలి ఐపీ (కంప్యూటర్ అడ్రస్ నంబరు) కనపడ్డదా, చేరినట్టే. నార్కట్‌పల్లి కాడ కండక్టర్ నీకు ఫోన్ చేయలేదని బస్సు బోల్తా పడ్డదంటమా?

రెండోది, పింగ్ వస్తే అంతా ఓకే అనేది. సాగర్ ఎడమ కాలువల నీళ్లు పారుతున్నయంటే నీ మడి పారినట్టా? నీ తూము తెరిచుందో లేదో చూడొద్దా? పింగ్ కాలువ సంగతి చెప్తది, తూము సంగతి దానికి తెల్వది, ఎందుకంటే దానికి పోర్టు, అంటే ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఉండే నంబరు తలుపు, అన్నదే లేదు. సాగర్ డ్యాంకు 26 గేట్లు, నీ కంప్యూటరుకు 65,535, అదీ టీసీపీ అనే ఒక్క పద్ధతికే, యూడీపీ అనే ఇంకో పద్ధతికి ఇంకన్ని. నీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు కావాల్సింది అందుల ఒక్కటి. ఆ ఒక్కటి తట్టి చూడాలె.

ఇగ మొదటిది. పింగ్‌ను 1983 డిసెంబర్ల మైక్ మూస్ అనే ఆయన అమెరికా సైన్యం వాళ్ల పరిశోధన కేంద్రంల పనిచేసుకుంట ఒక్క సాయంత్రం కూసోని రాసిండు, నీళ్లల్ల ఏమున్నదో చప్పుడుతోని కనిపెట్టే సోనార్ చప్పుడు ఎట్లుంటదో ఆ పేరు పెట్టిండు. మంచి పనిముట్టే, ఇయ్యాల్టికీ మొదాలు కొట్టేది దాన్నే. కానీ ఇప్పుడు చానా సర్వర్లు పింగ్‌కు పలకనే పలకవు. కొన్ని క్లౌడ్లల్ల (కిరాయికి సర్వర్లిచ్చే కంపెనీలు) కొత్త మెషీన్ తీసుకుంటే నువ్వు రూల్ పెట్టేదాక పలకదు, విండోస్‌ల నెట్‌వర్క్ పబ్లిక్ (అంటే నమ్మరాని జాగ) అని ఉంటే మామూలుగ పలకదు.

మొన్న జరిగిందే చెప్త. ఒక మిల్లు వాళ్లకు సర్వర్ మిర్యాలగూడల మిల్లు కాడ ఉంటది, బిల్లులు కొట్టేది నల్లగొండ ఆఫీసుల, నడుమ వీపీఎన్ టన్నెల్, అంటే ఇంటర్నెట్ల మనకొక్కళ్లకే ఏసుకున్న దాపు తొవ్వ. ఒకరోజు పొద్దున బిల్లు ఓపెన్ అయితలేదు. ఆఫీసు పిల్లగాడు పింగ్ కొట్టిండు, రాలేదు, గీ మెసేజ్ చదివినోడు గదా, "సర్వర్ పోయింది సార్" అని సేటుకు చెప్పిండు, సేటు కొత్త సర్వర్‌కు కొటేషన్ అడిగిండు. నేను మిల్లు కాడికి ఫోన్ చేసి కాంట దగ్గరుండే ఆయన్ని సర్వర్ రూంల ఏమైతుందో చూడమన్న. "ఫ్యాను గిర్రున తిరుగుతుంది సార్, ఇక్కడ కాంట చిట్టీలు మంచిగనే వస్తున్నయి" అన్నడు. అంటే సర్వర్ బతికే ఉంది.

నల్లగొండ ఆఫీసు సిస్టం మీదికెల్లే నెట్‌క్యాట్‌తోని సర్వర్ ఐపీ, బిల్లుల డేటాబేస్ వాడే 1433 పోర్టు తట్టిన. ఇక్కడ ఒక ముచ్చట మతికి పెట్టుకోండ్రి, ఏ సిస్టం నుంచి పోతలేదో ఆ సిస్టం నుంచే తట్టాలె. హైదరాబాద్‌ల ల్యాప్‌టాప్ ముందట కూసోని "నాకు మంచిగనే వస్తుంది గదా" అనేటోళ్లను చూస్తే నాకు బీపీ లేస్తది, నీకొస్తే నాకేంది అన్నా, బిల్లు కొట్టేది నువ్వా? అటు నుంచి ఇటు వస్తుందంటే ఇటు నుంచి అటు పోతదని కూడ లెక్క కాదు.

తట్టినంక వచ్చే జవాబు చదవాలె. తలుపు కొడితే లోపలికెల్లి "ఎవ్వరు లేరు, పో" అని ఇనపడ్డదనుకో, ఇల్లున్నది, మనిషున్నడు, నీకు కావాల్సినాయన లేడు. అది క్లోజ్డ్, అంటే సర్వర్ బతికుంది కానీ ఆ పోర్టు మీద సాఫ్ట్‌వేర్ నడుస్తలేదు, పోయి సర్వీస్ స్టార్ట్ చేయాలె. ఎంత కొట్టినా సప్పుడు లేదనుకో, నడుమ ఎవడో నీ చప్పుడు లోపలికి పోనిస్తలేడు. ఎన్‌మ్యాప్ దీన్ని ఫిల్టర్డ్ అంటది. ఈ రెండింటికి మందు వేరు. మెసేజ్ రాసినాయనకు రెండూ ఒకటే, "డౌన్".

నాకు సప్పుడు రాలేదు. మిల్లు సర్వర్ మీద వైర్‌షార్క్ (లైన్ల వచ్చేటియి పోయేటియి చూపే పనిముట్టు) పెట్టి, ఫోన్ స్పీకర్ల పెట్టుకొని నల్లగొండ నుంచి మల్ల తట్టించిన. నా తట్టుడు సర్వర్ దాక వస్తుంది, స్క్రీన్ మీద కనపడుతుంది, ఒకటి, రెండు, మూడు, మల్ల మల్ల. పోయే జవాబే లేదు. అంటే లైన్ మంచిగుంది, టన్నెల్ మంచిగుంది, సర్వర్ మంచిగుంది, సర్వర్ మీది ఫైర్‌వాలే మింగుతుంది. ఎందుకంటే ముందురోజు రూటర్ మార్చిండ్రు, విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకొని పబ్లిక్ చేసింది, మన రూల్ ప్రైవేట్‌కే రాసుంది. ప్రొఫైల్ మార్చుడు, అయిపాయె. పది నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు, వాడినయన్నీ ఓపెన్ సోర్సే. సేటు కొటేషన్ క్యాన్సిల్ చేసిండు, నాకు చాయ్ తాపిండు.

మూడో పాయింటు, జైలు. మా బామ్మర్ది భయం. ఐటీ చట్టంల 66 సెక్షన్ కింద మూడేండ్ల దాక జైలో, ఐదు లక్షల దాక జరిమానో, రెండూనో ఉన్నయి, నిజమే. కానీ అది పర్మిషన్ లేకుండ దురుద్దేశంతోని ఇంకొకరి సిస్టంల చొరబడ్డోనికి, డేటా గుంజినోనికి, పాడుచేసినోనికి. సాఫ్ట్‌వేర్ ఉంచుకున్నోనికి కాదు. గట్లయితే ఇంట్ల గడ్డపార ఉన్నోళ్లందరు దొంగలే. ఎన్‌మ్యాప్ 1997 నుంచి ఉన్నది, నెట్‌వర్క్ నేర్పే చానా కోర్సులల్ల చెప్తరు. అయితే ఒక్కటి, నీది కాని నెట్‌వర్క్ మీద రాతపూర్వకంగ పర్మిషన్ లేకుండ కొట్టకు తమ్మీ. 2022 ఏప్రిల్‌ల సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాలల్ల ముఖ్యమైన సిస్టంల మీద గురిపెట్టి స్కాన్ చేసుడు కూడ ఆరు గంటల్ల రిపోర్ట్ చేయాల్సిన వాటిల్ల ఉంది. కలెక్టరేట్ మీదనో బ్యాంకు మీదనో సరదాకు కొట్టి, నల్లగొండ అన్న చెప్పిండు అంటే నేను గుర్తుపట్ట.

నాలుగోది, ఓపెన్ సోర్స్ అంటే వైరస్. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్ల ఎవడో దొంగ తలుపు పెట్టిండని 2024 మార్చి ఆఖర్ల బయటపడ్డది, చానా రోజులు మంచోని లెక్క కలిసి పనిచేసి మరీ పెట్టిండు, ఒప్పుకుంట. దొరికిందెట్ల? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్‌కు లాగిన్ అర సెకండ్ ఆలస్యమైతుందని డౌటొచ్చింది, తవ్వి తీసిండు. అర సెకండ్! మనకు బిల్లు ప్రింట్ కావడానికి అర గంట పట్టినా డౌట్ రాదు. అంతా తీసి చూసే వీలున్నది కాబట్టి ఆయన చూసిండు, మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్ అయితే ఎవరు చూస్తుండె?

వైరస్ ఎక్కడికెల్లి వస్తదంటే, డౌన్‌లోడ్ చేసే జాగకెల్లి. 2011 డిసెంబర్ల ఒక పేరున్న డౌన్‌లోడ్ సైటు ఎన్‌మ్యాప్‌కు తన ఇన్‌స్టాలర్ తొడిగి టూల్‌బార్లు అంటగట్టింది, ఎన్‌మ్యాప్‌ను రాసిన గోర్డన్ లయన్ బాహాటంగనే లొల్లి చేసిండు. మనోళ్లయితే ఇంకా ఘనులు, టెలిగ్రాంల "ఎన్‌మ్యాప్ ఫుల్ వర్షన్ క్రాక్" అని ఫైల్ తిప్పుతున్నరు. ఫ్రీగ దొరికేదానికి క్రాక్ ఏందిరా నాయనా.

ఇప్పుడు ఐదోది. మిగిలినయన్నీ తెలివితక్కువ మాటలు, ఇది మాత్రం కొంప ముంచే మాట. అసలు ఈ రాసుడంతా దీని గురించే.

నేను కూడ ఫైర్‌వాల్ ఆఫ్ చేసిన, అబద్ధమెందుకు. కొత్తల్ల ఏం దొరకకపోతే రెండు నిమిషాలు ఆఫ్ చేసి, పనిచేస్తే "ఓ, ఇదేనన్నట్టు" అనుకొని మల్ల ఆన్ చేసేటోన్ని. ఒకసారి మల్ల ఆన్ చేసుడు మర్శిపోయి నెల రోజులకు చూసుకున్న. నా అదృష్టం, ఆ సిస్టంకు బయటి ఐపీ లేకుండె.

ఇంకొక మిల్లుకు ఆ అదృష్టం లేదు. కెమెరాలు ఫోన్ల చూసుకునేటందుకు వాళ్లు స్టాటిక్ ఐపీ (ఎప్పటికీ మారని బయటి ఐపీ) తీసుకున్నరు. బ్రాంచికి కనెక్ట్ కాలేదని ఎవరో అచ్చం ఈ మెసేజ్‌ల ఉన్నట్టే చేసిండ్రు, ఫైర్‌వాల్ ఆఫ్, అకౌంట్స్ సిస్టం డీఎంజెడ్‌ల. కనెక్ట్ అయింది! వంద శాతం పరిష్కారం! డీఎంజెడ్ అంటే ఆ 65,535 తూములూ ఊరి మీదికి ఇడిసిపెట్టుడని వాళ్లకు ఎవరు చెప్పలేదు. వానాకాలం వడ్లు దిగే టైం, గేటు బయట లారీల లైను. పొద్దున సిస్టం తీస్తే ఫైళ్లన్నిటి పేర్ల ఎనక ఏదో కొత్త తోక, డెస్క్‌టాప్ మీద ఒక చీటీ, పైసలు కట్టమని. నన్ను పిలిచిండ్రు. విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తీసి చూస్తే 4625, 4625, 4625, ఎంత కిందికి జరిపినా అదే నంబరు, అంటే తప్పు పాస్‌వర్డుతోని లాగిన్ కొట్టుడు. వేలల్ల ఉన్నయి, దూరంకెల్లి సిస్టం నడిపే రిమోట్ డెస్క్‌టాప్ మీద, రాత్రంతా. ఆఖరికి ఒకటి కలిసింది, పాస్‌వర్డ్ మిల్లు పేరు పక్కన 123. బ్యాకప్ ఉందా అంటే ఉంది, అదే సిస్టంల డీ డ్రైవ్‌ల. ఆ సీజనంతా గుమస్తా కార్బన్ పెట్టి చేత్తో చిట్టీలు రాసిండు.

వాళ్లకు కావాల్సింది ఒక్క పోర్టు, ఒక్క బ్రాంచి ఐపీకి, వీపీఎన్ లోపల. ఏ పోర్టో తట్టి తెలుసుకునేటందుకే గదా ఈ టూల్స్ ఉన్నయి. తాళంచెవి దొరకలేదని గోడ కూలగొట్టుకొని, మల్ల దాన్ని పది మందికి పంపుడు. ఇది రాసినాయన ఎవరో గానీ ఆయనింటికి ఒకసారి రాత్రి పోయి తలుపులన్నీ తీసిపెట్టి రావాలనుంది, కనెక్టివిటీ మంచిగుంటది.

ఆరో పాయింటు ఆఖరికి ఎందుకు ఉంచిన్నంటే, స్కాన్ చేస్తే ప్రింటర్లు పాడైతయి అనేదాన్ని చూసి మస్తు నవ్విన, తర్వాత నవ్వు ఆగింది. పాడు గావు. కానీ చానా నెట్‌వర్క్ ప్రింటర్లు 9100 పోర్టు మీద ఏది వస్తే అది అచ్చేస్తయి. అక్కడ ఏ సాఫ్ట్‌వేర్ ఉందో తెలుసుకునేటందుకు ఎన్‌మ్యాప్ పంపే ప్రశ్నలను కూడ. అందుకే వర్షన్ స్కాన్ల 9100 నుంచి 9107 దాక దానంతట అదే ఇడిసిపెడతది, ఆల్‌పోర్ట్స్ అని చెప్తే తప్ప. మహబూబ్‌నగర్‌ల ఒక కాలేజీ ఆఫీసుల, పర్మిషన్ తీసుకొనే, నేను ఆల్‌పోర్ట్స్ అని చెప్పిన. పక్క రూంల ప్రింటరు ఒక్కతీరుగ పేజీలు కక్కుడు షురువైంది, ఒక్కో పేజీల పైన రెండు లైన్లు పిచ్చి అక్షరాలు, కింద అంతా తెలుపు. క్లర్క్ సారు స్విచ్ పీకేటాలకు కట్టలో సగం అయిపోయింది. ఇప్పుడు నేను బ్యాగ్ పట్టుకొని ఆ గేట్ల అడుగు పెడితే చాలు, ఆయన ముందుగల్ల పోయి ప్రింటర్ కేబుల్ పీకి, అప్పుడు "రా సార్" అంటడు.