క్రైస్తవులపై హింస: ఎవరి చేతిలో, ఏ చట్టం అండతో

ప్రపంచంలో క్రైస్తవులు నిజంగానే మతహింసకు గురవుతున్నారా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా చర్చ రెండుగా చీలిపోతుంది. రెండు వందల ముప్పై కోట్ల మంది ఉన్న మతం, సంపన్న దేశాల్లో సగం వాళ్లవే, వాళ్లను హింసించేదెవరని ఒక వర్గం కొట్టిపారేస్తుంది. ఏటా లక్ష మంది క్రైస్తవులను కేవలం విశ్వాసం కోసమే చంపేస్తున్నారని ఇంకో వర్గం చెబుతుంది. రెండూ నిజం కాదు. పైగా ఆ రెండో మాటలోని అతిశయోక్తి బయటపడ్డ ప్రతిసారీ మొదటి వర్గానికే బలం చేకూరుతుంది. మధ్యలో నలిగిపోయేది జైల్లో మగ్గుతున్నవాళ్లు, రాత్రికి రాత్రి ఊరు వదిలి పారిపోయినవాళ్లు.

ఆ లక్ష లెక్క సంగతి ముందు చూద్దాం. అమెరికాలోని ఒక సెమినరీకి చెందిన అధ్యయన కేంద్రం పదేళ్ల కాలానికి పది లక్షల మంది అని అంచనా వేసింది. దాన్ని పదితో భాగిస్తే ఏడాదికి లక్ష. అయితే ఆ పది లక్షల్లో అత్యధికులు కాంగో అంతర్యుద్ధంలో చనిపోయినవాళ్లు. అక్కడ చంపినవాళ్లూ చాలావరకు క్రైస్తవులే, చచ్చినవాళ్లూ క్రైస్తవులే. 2013లో బీబీసీ ఈ లెక్కను విప్పి చూపించింది. అయినా ఇప్పటికీ ఆ అంకె ప్రసంగాల్లో తిరుగుతూనే ఉంది.

ఏటా జాబితా విడుదల చేసే ఓపెన్ డోర్స్ సంస్థ అంచనాలు ఇంతకన్నా జాగ్రత్తగా ఉంటాయి. 2025 జాబితా ప్రకారం విశ్వాసం కారణంగా హతులైనవారు 4,476 మంది. అందులో 3,100 మంది ఒక్క నైజీరియాలోనే. తీవ్రమైన వేధింపులు, వివక్ష ఉన్న పరిస్థితుల్లో బతుకుతున్నవారు 38 కోట్లని కూడా ఆ సంస్థ చెబుతుంది. ఈ 38 కోట్ల మందీ దెబ్బలు తింటున్నారని దాని అర్థం కాదు. దేశాన్ని బట్టి ఒకచోట ఉరికంబం, ఒకచోట ఉద్యోగం రాకపోవడం, ఒకచోట చర్చి కట్టుకోనివ్వకపోవడం, అన్నీ కలిసిన లెక్క అది. ప్యూ పరిశోధన కేంద్రం 198 దేశాలను పరిశీలించి, 2022లో 166 దేశాల్లో క్రైస్తవులకు ఏదో ఒక రూపంలో వేధింపులు ఎదురయ్యాయని తేల్చింది. ముస్లింల విషయంలో ఆ సంఖ్య 148. ఇది దేశాల సంఖ్యే. నోటిమాటగా తిట్టినా, ప్రాణం తీసినా ఆ లెక్కలో ఒకటే. కాబట్టి అంకె పట్టుకుని వాదించడం మానేసి, చేస్తున్నదెవరు, ఏ చట్టం వాళ్లకు అండగా ఉంది, పోలీసులు ఎటు నిలబడ్డారు అని దేశం దేశం విడిగా చూడాలి.

పాకిస్తాన్‌తో మొదలుపెడదాం. 2009 జూన్‌లో పంజాబ్ రాష్ట్రం షేఖూపురా జిల్లాలో కొందరు మహిళా కూలీలు ఫల్సా పండ్లు కోస్తున్నారు. వాళ్లలో ఒక్కరే క్రైస్తవురాలు, ఆసియా బీబీ. మండుటెండలో నీళ్లు తెచ్చింది, అక్కడున్న గ్లాసుతో తనూ తాగింది. క్రైస్తవురాలు ముట్టిన నీళ్లు మేం తాగమని తోటి కూలీలు గొడవపడ్డారు. మాటామాటా పెరిగింది. ఆ గొడవలో ఆమె ప్రవక్తను దూషించిందని కొద్ది రోజులకు ఫిర్యాదు. 2010 నవంబర్‌లో ఉరిశిక్ష. ఆమెను జైల్లో కలిసి, దైవదూషణ చట్టాన్ని మార్చాలన్న పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011 జనవరిలో ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. హంతకుడు కోర్టుకు వస్తే లాయర్లు గులాబీ రేకులు చల్లారు. తసీర్ ముస్లిం అన్నది గుర్తుపెట్టుకోవాలి. రెండు నెలలు తిరక్కుండానే మైనారిటీల మంత్రి, క్రైస్తవుడు షాబాజ్ భట్టీని కూడా చంపేశారు. సాక్ష్యాల్లో పొంతన లేదని సుప్రీంకోర్టు ఆసియా బీబీని 2018 అక్టోబర్ 31న విడుదల చేసేనాటికి ఆమె మరణశిక్ష నీడలో ఎనిమిదేళ్లు గడిపింది. ఆ తీర్పు మీద దేశమంతా రోడ్లు స్తంభించాయి. 2019 మేలో ఆమె కెనడా వెళ్లిపోవాల్సి వచ్చింది. నిర్దోషి అని తేలాక కూడా సొంత దేశంలో బతకలేని పరిస్థితి అది.

ఈ కథలో గమనించాల్సింది ఆ నీళ్ల గ్లాసు. పంజాబ్ క్రైస్తవుల్లో చాలామంది అట్టడుగు కులాల నుంచి వచ్చినవాళ్లు. పారిశుద్ధ్య పని ముస్లిమేతరులకు మాత్రమే అంటూ ప్రభుత్వ సంస్థలే ప్రకటనలు ఇచ్చిన దేశం అది. అక్కడ మతం మీద ద్వేషం, అంటరానితనం విడదీయలేనంతగా కలిసిపోయాయి. వాటి చేతికి ఆయుధం ఇచ్చింది చట్టం. జియా ఉల్ హక్ సైనిక పాలనలో 1982లో, 1986లో చేర్చిన 295-బి, 295-సి సెక్షన్ల కింద ఎవరైనా ఎవరి మీదైనా నోటిమాటతో కేసు పెట్టవచ్చు. సాక్షి ఆ దూషణను కోర్టులో తిరిగి పలకడానికీ భయపడతాడు. ప్రభుత్వం ఇంతవరకు ఈ నేరానికి ఎవరినీ ఉరితీయలేదు. మూకలు మాత్రం చాలామందిని చంపాయి. 2023 ఆగస్టులో జరన్‌వాలాలో ఇద్దరు అన్నదమ్ముల మీద వచ్చిన ఆరోపణకు ఇరవైకి పైగా చర్చిలు, పదుల ఇళ్లు ధ్వంసమయ్యాయి. ఆ అన్నదమ్ములను తర్వాత కోర్టు నిర్దోషులుగా వదిలేసింది.

ఇదే చట్టం కింద ఇరుక్కున్నవాళ్లలో ముస్లింలు, అహ్మదీలు (తామూ ముస్లింలమేనని నమ్మే ఒక శాఖ) కలిపితే ఎక్కువమంది వాళ్లే. జనాభాలో రెండు శాతం కూడా లేని క్రైస్తవుల వాటా వాళ్ల సంఖ్యకు మించి ఉంటుంది కాబట్టి వాళ్లను లక్ష్యంగా చేసుకుంటున్నారన్నది నిజమే. అయితే ఆ చట్టం క్రైస్తవులతో ఆగదు. 1948లో ఐక్యరాజ్యసమితిలో మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణం, అంటే మతం మార్చుకునే స్వేచ్ఛ, చర్చకు వచ్చినప్పుడు దాన్ని సమర్థించినవాళ్లలో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ ఒకరు. ఆయన అహ్మదీ. 1974లో అదే పాకిస్తాన్ రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీలు ముస్లింలే కాదని ప్రకటించింది.

నైజీరియా లెక్క ఇంకా చిక్కైనది. 2018 ఫిబ్రవరిలో యోబే రాష్ట్రంలోని దాప్చి బడి నుంచి తీవ్రవాదులు 110 మంది బాలికలను ఎత్తుకెళ్లారు. నెల తర్వాత దాదాపు అందర్నీ వదిలేశారు. లియా షరీబూ అనే పద్నాలుగేళ్ల అమ్మాయిని మాత్రం వదల్లేదు. విశ్వాసాన్ని వదులుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు, అంతే. దీన్ని మతహింస అనకపోతే ఇక దేన్నీ అనలేం. 2022 జూన్‌లో పెంతెకోస్తు ఆదివారం నాడు ఓవో పట్టణంలోని క్యాథలిక్ చర్చిలో కనీసం నలభై మందిని చంపారు. అదే ఏడాది సొకోటోలో వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాటలకు ఒక క్రైస్తవ విద్యార్థినిని తోటి విద్యార్థులే కొట్టి చంపి తగలబెట్టారు.

అయితే ఇస్లామిక్ తీవ్రవాద సంస్థ బోకో హరామ్ 2014 నవంబర్‌లో కానో పెద్ద మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబులు పేల్చి వంద మందికి పైగా ముస్లింలను పొట్టన పెట్టుకుంది. అదే కానోలో దైవదూషణ నేరానికి ఉరిశిక్ష పడింది ఒక ముస్లిం గాయకుడికి, ఇరవై నాలుగేళ్ల జైలు పడింది ఒక నాస్తికుడికి. ఇక మధ్య నైజీరియాలో జరిగేది వేరు. ఉత్తరాన మేత ఎండిపోయి, పాత పశువుల దారులు పొలాలుగా మారిపోయాక ఫులానీ పశుపోషకులు దక్షిణానికి జరిగారు. వాళ్లు చాలావరకు ముస్లింలు, అక్కడి రైతులు చాలావరకు క్రైస్తవులు. చేతికి తుపాకులొచ్చాయి. 2023 క్రిస్మస్ రాత్రుల్లో ప్లాటో రాష్ట్రంలో పల్లెల మీద పడి నూట యాభై మందికి పైగా చంపినప్పుడు, అది భూమి తగాదానా, మతమా అని విశ్లేషకులు వాదించుకున్నారు. నా దృష్టిలో ఈ వాదన బాధితుల్ని మరచిపోయిన వాదన. తగాదా భూమి దగ్గర మొదలై ఉండవచ్చు. క్రిస్మస్ ముందురాత్రిని ఎంచుకున్నాక, చర్చినీ పాస్టర్ ఇంటినీ తగలబెట్టాక అందులో మతం లేదనడం కుదరదు. అలాగని ఇది ఇస్లాం క్రైస్తవాన్ని తుడిచిపెట్టే యుద్ధమని చెబితే మసీదుల్లో చనిపోయిన ముస్లింలు లెక్కలోంచి జారిపోతారు. రెండు పక్షాల్నీ కాపాడలేకపోయిన నైజీరియా ప్రభుత్వం కూడా ఆ మాట చాటున తప్పించుకుంటుంది. దాడి జరిగిన గంటల తర్వాత వచ్చే సైన్యం, ఎవరికీ శిక్ష పడని కేసులు — అసలు రోగం అక్కడుంది.

హింసించేది ఎప్పుడూ పరాయి మతమే అనుకుంటే ఎరిత్రియా, నికరాగువా అర్థం కావు. ఎరిత్రియాలో దాదాపు సగం జనం క్రైస్తవులే. 2002లో ప్రభుత్వం ఆర్థడాక్స్, క్యాథలిక్, లూథరన్ సంఘాలను, సున్నీ ఇస్లాంను మాత్రం గుర్తించి మిగతా అన్నింటినీ మూయించింది. పెంతెకోస్తు విశ్వాసులను ఇనుప షిప్పింగ్ కంటైనర్లలో బంధించింది. పగలు కాలిపోయే ఆ ఇనుము ఎడారి రాత్రుల్లో గడ్డకట్టిస్తుంది. గుర్తింపు ఉన్న ఆర్థడాక్స్ చర్చి అధిపతి అంటోనియోస్ ఈ అరెస్టులను ప్రశ్నిస్తే ఆయన్నే పదవి నుంచి దించి గృహనిర్బంధంలో పెట్టారు. 2022లో చనిపోయేవరకు ఆయనకు విముక్తి లేదు. క్రైస్తవులే మెజారిటీ అయిన నికరాగువాలో బిషప్ రొలాండో అల్వారెజ్ దేశం విడిచి విమానం ఎక్కనన్నందుకు మర్నాడే, 2023 ఫిబ్రవరిలో, ఇరవై ఆరేళ్ల జైలు శిక్ష వేశారు. దాదాపు ఏడాది తర్వాత వాటికన్‌కు పంపేశారు. చైనాలో, ప్రభుత్వ గుర్తింపు లేని చెంగ్దూ గృహసంఘం పాస్టర్ వాంగ్ యీకి 2019లో తొమ్మిదేళ్ల శిక్ష పడింది, ప్రభుత్వాన్ని కూలదోయడానికి రెచ్చగొట్టాడన్న అభియోగంతో. ఉత్తర కొరియా గురించి ఎంత చెప్పినా తక్కువే. బైబిల్ దొరికితే ఆ కుటుంబం మొత్తానికే ముప్పు అని అక్కడి నుంచి తప్పించుకొచ్చినవాళ్లు చెబుతున్నారు. ఈ పాలకులకు వేదాంతంతో పనిలేదు. తమ అదుపులో లేని ఏ గుంపునూ, అది ఆదివారం మోకరిల్లే గుంపైనా సరే, సహించరు.

ఇరాక్‌లో జరిగింది మరో రకం, అక్కడ సమాజమే కరిగిపోయింది. 2003కి ముందు పద్నాలుగు పదిహేను లక్షలున్న క్రైస్తవులు ఇప్పుడు రెండున్నర లక్షలకు మించరని అంచనా. 2014 జూలైలో మోసుల్‌లో ఐసిస్ వాళ్ల ఇళ్ల మీద గుర్తులు వేసి, మతం మారండి, పన్ను కట్టండి, లేదా వెళ్లిపోండి, కాదంటే కత్తే అని గడువు పెట్టింది. వెళ్లిపోతున్నవాళ్ల డబ్బూ నగలూ తనిఖీ కేంద్రాల దగ్గర ఊడ్చేసింది. మరుసటి నెలలో యజీదీలనే మరో మైనారిటీ మతస్థులకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఇక భారత్. ఇక్కడ ఇరాన్‌లా మతం మారడం ప్రాణాంతకమైన నేరం కాదు, చర్చిలు తెరిచే ఉన్నాయి. అందుకని సమస్య లేదనడం సరికాదు. 1999లో ఒడిశాలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను ఇద్దరు చిన్న కొడుకులతో సహా జీపులో సజీవదహనం చేశారు. 2008లో హిందూ నేత స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య తర్వాత కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడులతో యాభై వేల మందికి పైగా నిర్వాసితులయ్యారు. 2023 నాటి మణిపూర్ హింస మూలంలో ఉన్నది ఎక్కువగా హిందువులైన మైతేయిలకూ, ఎక్కువగా క్రైస్తవులైన కుకీలకూ మధ్య జాతి ఘర్షణ. అయినా మైతేయి క్రైస్తవుల చర్చిలు కూడా వందల్లో తగలబడ్డాయి, అంటే జాతి వైరం ఒక్కటే కారణం కాదు. డజను దాకా రాష్ట్రాల్లో మతమార్పిడి నిరోధక చట్టాలున్నాయి. బలవంతపు మార్పిడిని ఆపడమే వాటి లక్ష్యమంటారు. ఉత్తరప్రదేశ్ 2024లో ఆ చట్టాన్ని సవరించి, సంబంధం లేని ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చని, శిక్ష జీవితఖైదు దాకా ఉండవచ్చని మార్చింది. అప్పుడు ఇంట్లో జరిగే ప్రార్థన కూడా కేసుకు సరుకవుతుంది. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఫతేపూర్ జిల్లాలో పెట్టిన ఇలాంటి ఎఫ్ఐఆర్‌లను కొట్టేస్తూ, అమాయకుల్ని వేధించడానికి క్రిమినల్ చట్టాన్ని వాడనివ్వకూడదంది. ఆ తీర్పు వచ్చేసరికి నిందితులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

ఈ దేశాలన్నింటిలో అందరికన్నా ప్రమాదంలో ఉన్నది పుట్టుకతో క్రైస్తవుడైనవాడు కాదు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాడు. ఇరాన్ రాజ్యాంగం ఆర్మేనియన్, అస్సీరియన్ క్రైస్తవులను గుర్తిస్తుంది, పార్లమెంటులో సీట్లూ ఇస్తుంది. ముస్లిం కుటుంబంలో పుట్టి బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు మాత్రం ఆ చర్చిల్లో అడుగుపెట్టే వీల్లేదు, పర్షియన్ భాషలో ఆరాధనకు అనుమతి లేదు. నలుగురు ఒక ఇంట్లో కూడితే అది జాతీయ భద్రతకు ముప్పు కింద లెక్క. ఇలాంటివాళ్లకు వెనక నిలబడే సంఘం ఉండదు, సొంత కుటుంబమే పోలీసులకు పట్టివ్వవచ్చు.

మరి వాళ్లు పారిపోయి వస్తే ఏం జరుగుతోంది? 2019లో బ్రిటన్ హోం శాఖ ఇరాన్ నుంచి వచ్చిన ఒక కొత్త విశ్వాసికి ఆశ్రయం నిరాకరిస్తూ, క్రైస్తవం శాంతి మతం అన్న అతని మాట బైబిల్‌లోని ప్రకటన గ్రంథంతో పొసగదని ఉత్తరంలో రాసింది. గొడవయ్యాక వెనక్కి తగ్గింది. 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆశ్రయం కోరి వచ్చిన ఇరాన్ క్రైస్తవులను, వాళ్ల మొర వినకుండానే, మిగతా వలసదారులతో కలిపి పనామాకు తరలించింది. అదే ఏడాది అక్టోబర్ చివర్లో, క్రైస్తవుల ఊచకోత పేరుతో నైజీరియాను మతస్వేచ్ఛ విషయంలో ప్రత్యేక ఆందోళన కలిగించే దేశంగా ప్రకటించిన వారంలోనే, ఏడాదికి తీసుకునే శరణార్థుల సంఖ్యను 7,500కు కుదించి, అందులో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా తెల్లజాతీయులకు కేటాయించింది. హింసకు గురవుతున్న క్రైస్తవుల పేరు చెప్పి ఓట్లడిగే నాయకుల్ని వాళ్ల సంఘాలే నిలదీయాలి. ఆసియా బీబీని బతికించింది ప్రసంగాలు కాదు. కేసు చేపట్టి తనే ప్రాణభయంతో దేశం విడిచి వెళ్లిన ముస్లిం లాయరు, బెదిరింపుల మధ్య తీర్పు రాసిన ముగ్గురు న్యాయమూర్తులు, చివరికి వీసా ఇచ్చిన ఒక దేశం ఆమెను కాపాడాయి. అలాంటి లాయర్లకు రక్షణ, అలాంటి కేసుల విచారణ రోజున కోర్టు హాల్లో కూర్చునే విదేశీ దౌత్యవేత్తలు, పారిపోయి వచ్చినవాడికి తెరుచుకునే సరిహద్దు: అడగాల్సింది వీటిని, క్రైస్తవుడి కోసం అడిగినంత గట్టిగా అహ్మదీ కోసం, యజీదీ కోసం, కానో జైల్లోని ఆ గాయకుడి కోసం కూడా.