రైస్ బ్యాగ్ జోకులేసే పెద్దమనుషులకు

మొన్న ఆదివారం మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఎక్కడో విదేశంలో చర్చి వాళ్ళు బియ్యం సంచులు పంచుతున్నారు. కింద వరసగా నవ్వుల ఎమోజీలు. "రైస్ బ్యాగ్ బ్యాచ్ ఇంటర్నేషనల్ అయిందర్రోయ్" అని ఒక కామెంటు, అంటే బియ్యం సంచి కోసం క్రైస్తవంలోకి మారినవాళ్ళని వెక్కిరింపు. ఆ కామెంటు పెట్టినాయన నాకు వరసకు బాబాయి. పేరు చెప్పను, ఇది చదివితే ఆయనకే తెలుస్తుంది. గ్రూపులో గొడవెందుకని ఊరుకున్నాను. ఇక్కడ మాత్రం ఊరుకోను.

నేనుండేది ఇంగ్లండ్‌లో. పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టందే కాఫీ తాగని మనిషిని. మతం మారలేదు, మారే ఆలోచనా లేదు. రెండేళ్ళుగా శనివారాలు మా దగ్గర్లోని ఒక చర్చి హాల్లో నడిచే ఫుడ్ బ్యాంకులో, అంటే ఇంట్లో తిండికి లేనివాళ్ళకు ఉచితంగా సరుకులిచ్చే చోట, సరుకులు సర్దుతున్నాను.

ఇక్కడ ఫుడ్ బ్యాంకు అనగానే వినిపించే పేరు ట్రసెల్ అనే సంస్థ. 1997లో ప్యాడీ, క్యారల్ హెండర్సన్ అనే క్రైస్తవ దంపతులు పెట్టారు. పెట్టింది ఇంగ్లండ్ వాళ్ళ కోసం కాదు, బల్గేరియాలో సోఫియా రైల్వే స్టేషన్లో పడుకునే పిల్లల కోసం. ఆ పిల్లలకు చందాలు పోగుచేస్తుంటే వాళ్ళ సొంత ఊరు సాల్స్‌బరీ నుంచే ఒక తల్లి ఫోన్ చేసి, ఈ రాత్రి నా పిల్లలు పస్తు పడుకుంటున్నారు, మరి దానికేం చేస్తారని నిలదీసిందట. 2000లో వాళ్ళింటి షెడ్డులో, గ్యారేజీలో మొదటి ఫుడ్ బ్యాంకు అలా మొదలైంది. 2023-24లో ఆ సంస్థ ఫుడ్ బ్యాంకులు ఇచ్చిన తిండి పార్సిళ్ళు 31 లక్షల పైమాటే. (ఇంత డబ్బున్న దేశంలో ఆ అంకె చూసి సిగ్గుపడాల్సింది ప్రభుత్వం. దాని మీద ఇంకోసారి తిడతాను.)

చెయ్యి చాపితే ఇచ్చేయరు. డాక్టరో, బడో, సలహా కేంద్రమో ఓచరు రాయాలి. దానికి మూడు రోజులకు సరిపడా తిండి ఇస్తాం. మేం అడిగేవి కొన్నే: ఇంట్లో ఎంతమంది, ఏదైనా పడదా, గ్యాసు ఉందా. ఆ గ్యాసు సంగతి నాకు మొదట్లో అర్థం కాలేదు. ఇక్కడ చాలా ఇళ్ళలో మీటరుకు ముందే డబ్బు వేసుకోవాలి, ఫోన్ రీచార్జిలాగా. అయిపోతే పొయ్యి వెలగదు. అలాంటివాళ్ళకు కెటిల్‌లో నీళ్ళు కాచి పోసుకుంటే తినగలిగే సరుకులు వేరే కడతాం. ఏ మతం అన్న గడి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

పోయిన చలికాలం ఒక కుర్రాడొచ్చాడు. యూనివర్సిటీ వాళ్ళు రాసిచ్చిన ఓచరు, నోట్లో మన గుంటూరు యాస. చేస్తున్న పార్ట్‌టైమ్ పోయింది. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, సర్కారు భత్యాలు అడిగే హక్కు లేదు. అద్దె మాత్రం ఆగదు. మేమిచ్చిన సంచిలోంచి హామ్ (పంది మాంసం) డబ్బా తీసి మెల్లిగా బల్ల మీద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, ముందు ప్రేయర్‌కి కూర్చోవాలా?" అన్నాడు. అక్కర్లేదు, టీ తాగుతావా అన్నాను. కిలో బియ్యం పాకెట్టును కాలేజీ బ్యాగులో అడుగుకు తోసి, పైన స్వెట్టరు కప్పి జిప్పు వేశాడు. "ఇంట్లో చెప్పకండక్కా." అతనిది ఏ ఊరో కూడా నాకు తెలీదు.

అతని నోట ఆ ప్రేయర్ మాట ఎక్కడినుంచి వచ్చింది? మన గ్రూపుల్లోంచే.

తిండి చూపించి బాప్తిస్మం అడిగేవాళ్ళు లేరని నేననను. ఉంటే అది తప్పే, ఎవరు చేసినా. మా హాల్లోనూ ఒక మూల రెండు కుర్చీలు, "ప్రార్థన కావాలంటే అడగండి" అని ఒక కాగితం ఉంటాయి. అది తీసేయమని నడిపే ఆవిడకు చెప్పాను. విన్నది, తీయలేదు. ఆ విషయంలో ఇప్పటికీ మా ఇద్దరికీ పడదు. కానీ ఆ కుర్చీల్లో కూర్చోలేదని ఎవరి సంచీలోంచీ ఒక్క బిస్కెట్ పాకెట్ కూడా తగ్గలేదు.

రైస్ బ్యాగ్ అనే ముందు బాబాయి మన ఒంగోలు కథ అయినా తెలుసుకోవాల్సింది. 1876-78 ధాత కరువులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి పని ఇచ్చాడు. మేస్త్రీలుగా తన బోధకుల్నే పెట్టుకున్నాడు కాబట్టి ప్రచారం జరగలేదని కాదు, బాగానే జరిగింది. అయితే కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊళ్ళో బావి నీళ్ళు తోడుకోనివ్వని వాళ్ళను వదిలేసి, ఆ మనుషుల్ని బియ్యానికి అమ్ముడుపోయారని నూట నలభై ఏళ్ళు దాటినా వెక్కిరిస్తూనే ఉన్నాం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

బాబాయ్, సెప్టెంబర్లో మీవాడు ఎంఎస్‌కి ఇక్కడికే వస్తున్నాడుగా. కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పని సంగతి ఒకటి చెబుతాను, వాడికి చెప్పండి. ఫుడ్ బ్యాంకు తిండి పబ్లిక్ ఫండ్స్ (వీసా మీద అడగకూడని ఆ సర్కారు భత్యాలు) లెక్కలోకి రాదు, వీసాకు ఇబ్బంది లేదు. మాది శనివారం పదింటి నుంచి పన్నెండు దాకా. బియ్యం సోనామసూరి మాత్రం ఉండదు.