కట్ లేని షాట్ అంటే షో ఒక్కటేనా?
గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో కట్ లేని పొడుగు షాట్లు కెమెరామన్ షో తప్ప ఇంకేం కాదని మీరు రాశారు, నేనైతే ఒప్పుకోను. గుడ్‌ఫెల్లాస్ (1990)లో గ్యాంగ్‌స్టర్ హీరో తను ఇష్టపడ్డ పిల్లని తీసుకుని క్లబ్ వెనక గుమ్మంలోంచి వంటగది మీదుగా టేబుల్ దాకా వెళ్తాడు, దాదాపు 3 నిమిషాలు స్టెడీకామ్ (ఒంటికి కట్టుకుని నడిచినా బొమ్మ కుదపని కెమెరా సరంజామా) వెనకే ఉంటది, ఎవడూ ఆపడు, ఆ పిల్లతో పాటు మనమూ వాడి దర్జాకి పడిపోతాం, కథంతా అదే కదా! అదే చివర్లో కొకైన్ మత్తులో హెలికాప్టర్ని చూసి భయపడే రోజు చూడండి, అన్నీ ముక్కలు ముక్కల కట్లే. మన శివ సినిమా అంతకి ఏడాది ముందే స్టెడీకామ్ వాడింది. పర్లాకిమిడిలో మామయ్య వాళ్లింట్లో క్యాసెట్ వేస్తే ఆ సైకిల్ ఛేజ్‌కి తెలుగు అంతంతమాత్రం వచ్చిన పక్కింటి ఒడియా పిల్లలు కూడా కదల్లేదు. ఇప్పుడు హీరో ఊరికే నడిచినా కెమెరా వెంటపడుతోంది, అక్కడ మాత్రం మీరన్నది రైటే.