ఫోను వాల్యూమ్ పెంచితే కారు స్టీరియో కాలిపోదు

కారు స్టీరియోకి ఫోన్నో, పాత ఐపాడ్‌నో ఆక్స్ తీగతో (రెండు చివర్లా హెడ్‌ఫోన్ పిన్ను లాంటిదున్న తీగ) కలిపేవాళ్లకి జాగ్రత్తలంటూ ఒక మెసేజ్ గ్రూపుల్లో తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఫోను వాల్యూమ్ 30 శాతం దాటితే స్టీరియో ఇన్‌పుట్ కాలిపోతుంది కాబట్టి అక్కడ తగ్గించి స్టీరియోలో పెంచుకోవాలట. గుయ్యిమని మోత వస్తే బంగారు పూత పిన్నున్న తీగ కొనాలట. అప్పటికీ పోకపోతే తీగలో ఎర్త్ వైరు, అంటే నెగటివ్ వైరు, కత్తిరించెయ్యాలి, లేదా బ్లూటూత్ రిసీవర్ పెట్టుకోవాలి. చివర్లో ఒక చిట్కా: ఆక్స్ రంధ్రానికి యూఎస్‌బీ సాకెట్టున్న పొట్టి తీగ తగిలిస్తే పెన్‌డ్రైవ్ కూడా పాడుతుందట. వీటిలో బంగారం మాటలో కాస్త నిజముంది. మిగతావి చాలావరకు తప్పు. ఎర్త్ కత్తిరించమన్నది మరీ అన్యాయం.

ముందు కాలిపోవడం సంగతి. ఏదైనా కాలాలంటే కరెంటు పారాలి. ఫోను హెడ్‌ఫోన్ జాక్ పూర్తి వాల్యూమ్‌లో ఇచ్చేది ఇంచుమించు 1 వోల్టు. ఆపిల్ వాళ్ల టైప్-సీ నుంచి ఆక్స్‌కి మార్చే చిన్న పిన్ను కూడా అంతే ఇస్తుంది, యూరప్‌లో అమ్మేదయితే అందులో సగం. స్టీరియో ఆక్స్ ఇన్‌పుట్ నిరోధం మామూలుగా 10 కిలో ఓమ్‌లో, ఆపైనో ఉంటుంది. భాగించి చూడండి: పారే కరెంటు 0.1 మిల్లీయాంపు. చిన్న ఎల్ఈడీ బల్బు బాగా వెలగాలన్నా దీనికి వంద రెట్లు కావాలి. ఇంట్లో సీడీ ప్లేయరు 2 వోల్టులిస్తుంది, దానికీ ఏ యాంప్లిఫయరూ కాలలేదు.

మెసేజ్ చెప్పినట్టు చేస్తే ఏమవుతుందంటే, ఫోను నుంచి పాట సన్నగా వస్తుంది, దాన్ని వినడానికి స్టీరియోని 35కో 40కో తిప్పుతారు. తీగలోనూ ఇన్‌పుట్‌లోనూ చేరిన బుసబుస కూడా పాటతో సమానంగా పెరుగుతుంది. ఈలోగా ఎవరైనా ఎఫ్ఎం నొక్కారా, చెవులు గింగుర్లెత్తుతాయి. చెయ్యాల్సింది తలకిందులుగా: స్టీరియోని సున్నాకి దగ్గరగా పెట్టి, ఫోన్ని 80–90 శాతానికి తెచ్చి, అప్పుడు స్టీరియో నాబ్‌ని మెల్లగా పెంచాలి. పాట బొంగురుగా చీలినట్టు వినిపిస్తే ఫోన్ని ఒకటి రెండు గీతలు తగ్గిస్తే చాలు. పాత ఐపాడ్‌లో ఈక్వలైజర్‌ని కింది స్వరాలు పెంచే బేస్ బూస్టర్‌లో వదిలేసి ఉంటే ఆ చీలిక అక్కడే పుడుతుంది, ముందు దాన్ని ఆపెయ్యండి. చాలా స్టీరియోల మెనూలో ఒక్కో సోర్సుకి విడిగా లెవెల్ మార్చుకునే సెట్టింగ్ ఉంటుంది. ఆక్స్‌ని ఎఫ్ఎంతో సమానం చేసుకోవడానికే అది. స్పీకర్లు కాలడమంటారా, అది జరిగేది స్టీరియో నాబ్‌ని శక్తికి మించి తిప్పినప్పుడు. అంటే ఈ మెసేజ్ సలహా ఇస్తున్న వైపే.

ఇక మోత. ఇది తీగ జబ్బు కాదు, ఎర్త్ జబ్బు. స్టీరియో నెగటివ్ డాష్‌బోర్డు వెనక ఒకచోట బాడీకి కలుస్తుంది, చార్జరు పెట్టే లైటర్ సాకెట్ నెగటివ్ ఇంకోచోట. ఆల్టర్నేటరు (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) కరెంటు పంపుతుంటే, ఫ్యాను, లైట్లు లాగుతుంటే ఆ రెండు చోట్ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఏర్పడుతుంది. ఫోన్ని చార్జింగ్‌కి పెట్టి ఆక్స్ కూడా తగిలిస్తే, ఆ తేడాకి ఆక్స్ తీగ మీది నెగటివ్ అల్లిక దారి అవుతుంది. అదే పాటలో కలిసి మోతగా వినిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కూత పైకి లేస్తే అది ఆల్టర్నేటరే. ఇంజన్ ఆపి తాళం మాత్రం ఆన్‌లో ఉంచినా ఒకే శ్రుతిలో సన్నటి కూత వస్తుంటే చవక చార్జరు మీద అనుమానపడండి.

తేల్చుకోవడం అర నిమిషం పని. మోత వస్తుండగా చార్జరు పీకండి. పోయిందా, తీగ తప్పు లేదు. ఫోన్ని పవర్ బ్యాంకుకి తగిలించి చూడండి, అప్పుడూ రాదు. దీనికి మందు ఈ ఎర్త్ వలయాన్ని తెంపే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్. అగ్గిపెట్టెంత డబ్బా, లోపల ఎడమకీ కుడికీ ఒక్కో బుల్లి ట్రాన్స్‌ఫార్మరు, కరెంటు అక్కర్లేదు. ఫోనుకీ స్టీరియోకీ మధ్య ఆక్స్ దారిలో పెట్టాలి, చార్జరు దారిలో కాదు. మరీ చవకవాటిలో ట్రాన్స్‌ఫార్మరు చిన్నది కాబట్టి డప్పు దెబ్బల్లాంటి కింది స్వరాలు కొంచెం పలచబడతాయి.

బంగారం తుప్పు పట్టదు. విశాఖ లాంటి ఉప్పు గాలి ఊళ్లలో పిన్ను చాన్నాళ్లు గరగరలాడకుండా ఉంటుంది. అంతవరకే. బంగారు పూత ఉన్నా ఎర్త్ మోత దాని మీదుగానే వస్తుంది.

ఎర్త్ కత్తిరిస్తే? పాట వెళ్లిన కరెంటు తిరిగి రావడానికి దారి కావాలి. చార్జరుంటే దాని నెగటివ్ మీదుగా తిరిగొస్తుంది, మోత ఇంకా పెరుగుతుంది. చార్జరు లేకపోతే ఎడమ కుడి ఛానెళ్లకి ఒకదాని మీదుగా ఇంకొకటి తప్ప దారుండదు, రెండింటిలో సమానంగా ఉన్నది కొట్టుకుపోయి తేడా మాత్రమే మిగులుతుంది. గాయకుడి గొంతు మధ్యలో ఉంటుంది కాబట్టి ముందు అదే పోతుంది, వెనక వయొలిన్లు ఎక్కడో బావిలోంచి వినిపిస్తాయి. రెండు ఛానెళ్లలోనూ ఒకటే ఉండే ఘంటసాల కాలపు మోనో పాట పెడితే దాదాపు ఏమీ రాదు. ఈ లక్షణం కత్తిరించని తీగలోనూ కనిపిస్తే పిన్ను పూర్తిగా దిగలేదన్నమాట. ఫోను కవరు మందంగా ఉంటే పిన్ను ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతుంది. కవరు తీసి చూడండి. పిన్ను మీద నల్ల గీతలు కూడా లెక్కపెట్టండి: ఆక్స్ తీగకి రెండు చాలు. మూడుంటే అది మైకున్న ఇయర్‌ఫోన్ల తరహా. వీడియో కూడా తీసుకునే కొన్ని స్టీరియోల రంధ్రంలో నెగటివ్ చోటు వేరు, దానికి ఆ కంపెనీ చెప్పిన తీగే వాడాలి.

బ్లూటూత్ రిసీవరుకీ కరెంటు కావాలి కదా. దాన్ని లైటర్ సాకెట్ చార్జరుకే తగిలించి, పిన్ను ఆక్స్‌లో పెడితే, ఫోను చోట్లో రిసీవర్ వచ్చింది తప్ప ఎర్త్ వలయం అలాగే ఉంది. సొంత బ్యాటరీ ఉన్న రిసీవర్ని చార్జింగ్ తీసేసి వాడితేనే నిశ్శబ్దం.

పెన్‌డ్రైవ్ చిట్కాకి డబ్బు పెట్టకండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఫైళ్లు. ఆక్స్ రంధ్రానికి తెలిసింది అప్పటికే పాటగా మారిన సిగ్నల్ ఒక్కటే. మధ్యలో ఎంపీ3ని విప్పే చిప్ లేని నాలుగంగుళాల తీగ ఆ పని ఎలా చేస్తుంది? ఆ తీగ పనిచేసేది ఆక్స్ రంధ్రంలోకే యూఎస్‌బీ వైర్లు కూడా లాగిన కొన్ని స్టీరియోలకి మాత్రమే, అలాంటిదయితే మాన్యువల్‌లో రాసి ఉంటుంది. స్టీరియోకి యూఎస్‌బీ పోర్టుంటే పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 (FAT32) అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి నేరుగా అందులో పెట్టండి. పోర్టు లేకపోతే ఇంట్లో మూలపడ్డ జాక్ ఉన్న పాత ఫోన్లో పాటలు నింపి, దాన్నే ఆక్స్‌కి తగిలించి గ్లవ్ బాక్సులో వదిలెయ్యండి. ఎండాకాలం బండి దిగేటప్పుడు మాత్రం వెంట తీసుకెళ్లండి, బ్యాటరీ ఉబ్బుతుంది.